ఇన్‌స్టాల్ చేయమనే ముందు

కరోనా కాలంలో కేంద్ర ప్రభుత్వం ఏడాది తేడాతో రెండు సాఫ్ట్‌వేర్లను జనం ముందు పెట్టింది. మొదటిది ఆరోగ్య సేతు. 2020 ఏప్రిల్ 2న వచ్చింది, ఫోన్‌లో దింపుకోవలసిన యాప్. రెండోది కోవిన్. టీకాల కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైనా, సామాన్యులు తమ పేర్లు తామే నమోదు చేసుకునే వీలు మార్చి 1న కలిగింది. అది బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్‌సైట్. అప్పటికే యాప్‌లకు అలవాటుపడిన జనం కోవిన్ కోసం ప్లేస్టోర్‌లో వెతికారు. అక్కడ కనిపించే కోవిన్ యాప్ టీకా కేంద్రాలను నడిపే అధికారుల కోసమేననీ, ప్రజలు పోర్టల్‌లోనే నమోదు చేసుకోవాలనీ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రత్యేకంగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

ఒకే ప్రభుత్వం, ఒకే జబ్బు, ఒకే జనం. అయినా ఒకదానికి యాప్, ఒకదానికి వెబ్. ఈ రెండు నిర్ణయాలూ సరైనవేనని నా నమ్మకం. ఎందుకు సరైనవో తెలిస్తే, కొత్తగా సాఫ్ట్‌వేర్ కట్టించుకోవాలనుకునే దుకాణదారుకైనా, బడికైనా, పంచాయతీకైనా సగం దారి తెలిసినట్టే.

ఆరోగ్య సేతు చేయాల్సిన పని ఇది: మీ ఫోన్ జేబులో ఉండగా, తెర ఆరిపోయి ఉండగా, చుట్టుపక్కల ఉన్న ఫోన్లను బ్లూటూత్ ద్వారా గమనిస్తూ, ఎవరి దగ్గర ఎంతసేపు ఉన్నారో గుర్తుపెట్టుకోవాలి. రేపు వాళ్లలో ఒకరికి జబ్బు తేలితే మీకు చెప్పాలి. బ్రౌజర్‌లోని పేజీ ఈ పని చేయలేదు. కళ్ల ముందు ఉన్నంతసేపే దానికి పూర్తి ప్రాణం. మీరు వేరే పనిలోకి వెళ్లగానే ఫోన్ ఆ పేజీని పక్కకు నెట్టేస్తుంది, కాసేపటికి నిద్రపుచ్చుతుంది. ఫోన్ కోసమే రాసిన నేటివ్ యాప్ అయితే అనుమతి తీసుకుని వెనకాల పని చేసుకుంటూ ఉండగలదు. నిజానికి ఐఫోన్లలో నేటివ్ యాప్‌లకు కూడా వెనకాల బ్లూటూత్ వాడటం కష్టమైంది. అందుకే ఆపిల్, గూగుల్ చేతులు కలిపి, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఈ ఏర్పాటు చేస్తామని 2020 ఏప్రిల్ 10న ప్రకటించాయి. అంటే పని ఎంత లోతుగా హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటే, అంత లోపలికి దిగాలన్నమాట.

కోవిన్‌తో పని వేరు. మొబైల్ నంబరు, ఓటీపీ, పేరు, గుర్తింపు కార్డు, పిన్‌కోడ్, కేంద్రం, తేదీ. అంతే. ఇందులో ఫోన్‌కే ప్రత్యేకమైనది ఏదీ లేదు. అప్పట్లో ఒక నంబరు మీద నలుగురిని నమోదు చేసే వీలుండేది కాబట్టి ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా, పక్కింటి కంప్యూటర్ నుంచైనా, నెట్ సెంటర్ నుంచైనా పని జరిగింది. 18 ఏళ్లు దాటినవారికి నమోదు తెరిచిన 2021 ఏప్రిల్ 28న ఒక్కరోజే కోటి మందికి పైగా పేర్లు ఎక్కించుకున్నారు. అంతమంది ముందు యాప్ దింపుకోవాల్సి వచ్చి ఉంటే? ఫోన్‌లో చోటు లేనివారు, స్టోర్ పాస్‌వర్డ్ మరిచిపోయినవారు, పాత ఆండ్రాయిడ్ వాడేవారు గడపలోనే ఆగిపోయేవారు.

ఇంకో కారణం కూడా ఉంది, అది బయటికి కనిపించదు. ఆ రోజుల్లో నిబంధనలు వారం వారం మారాయి. మే 8 నుంచి నాలుగంకెల రహస్య సంకేతం వచ్చింది. మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12–16 వారాలకు పెంచారు. వెబ్‌సైట్‌లో ఒకచోట మార్పు చేస్తే, తర్వాత తెరిచే ప్రతి ఒక్కరికీ కొత్త నిబంధనే కనిపిస్తుంది. నిబంధనను యాప్‌లోనే రాసిపెట్టి ఉంటే అలా కుదరదు. స్టోర్ అనుమతి రావాలి, ఆ తర్వాత ప్రతి ఒక్కరూ అప్‌డేట్ చేసుకోవాలి. చేసుకోనివారి ఫోన్‌లో పాత వ్యవధే కూర్చుని ఉంటుంది. మొదట్లో లేని తెలుగు కూడా తర్వాత ఇలాగే, ఎవరూ ఏమీ దింపుకోకుండానే కోవిన్‌లోకి వచ్చి చేరింది.

వెబ్ అయినంత మాత్రాన అందరికీ అందిందని అనలేం. ఇంటర్నెట్టే లేనివారి సంగతేమిటని సుప్రీంకోర్టు అదే మే నెలలో గట్టిగా అడిగింది. 18 నుంచి 44 ఏళ్లవారు నేరుగా కేంద్రానికి వెళ్లి నమోదు చేసుకునే వీలును కేంద్రం మే 24న కల్పించింది. తలుపు ఎంత వెడల్పుగా కట్టినా, దాని దాకా నడిచి రాలేనివారు ఉంటారు. రూపకర్తలు ఈ మాట మరిచిపోకూడదు.

అరుగు మీద అతిథి

ఇంతకూ తేడా ఎక్కడుంది?

నేటివ్ యాప్ అంటే ఆ ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ భాషలో రాసినది. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్ లేదా జావా, ఐఫోన్‌కు స్విఫ్ట్. రాసిన ప్రోగ్రామును ముందే యంత్రానికి దగ్గరైన రూపంలోకి మార్చి, ఒక కట్టగా కట్టి స్టోర్‌లో పెడతారు. మీరు దాన్ని ఒకసారి దింపుకుంటారు. బటన్లు, జాబితాలు, కీబోర్డు, కెమెరా అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ నేరుగా అందించేవే.

వెబ్ యాప్‌కు రాసేది మూడు భాషల్లో: పేజీ నిర్మాణానికి హెచ్‌టీఎంఎల్, రూపానికి సీఎస్‌ఎస్, నడకకు జావాస్క్రిప్ట్. మీరు లింకు నొక్కినప్పుడు ఈ మూడూ నెట్ ద్వారా వస్తాయి. బ్రౌజర్ వాటిని చదివి, అప్పటికప్పుడు అర్థం చేసుకుని, ఏ అక్షరం ఎక్కడ పడాలో లెక్కగట్టి, తెర మీద గీస్తుంది. ఇంత పనీ మీ ఫోన్‌లోని ప్రాసెసరే చేయాలి. ఖరీదైన ఫోన్‌లో ఇది తెలియదు. ఎనిమిది వేల రూపాయల ఫోన్‌లో మాత్రం, బరువైన జావాస్క్రిప్ట్ ఉన్న పేజీ తెరుచుకున్నట్టు కనిపించి కూడా వేలికి బదులివ్వక మొరాయిస్తుంది.

ఆ మొరాయింపుకు ఒక లెక్క ఉంది. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో దృశ్యానికి దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువులో పని పూర్తికాకపోతే ఒక దృశ్యం జారిపోతుంది, జాబితా పైకి తోస్తుంటే కుదుపు కనిపిస్తుంది. సెకనుకు 120 సార్లు మారే తెరలైతే గడువు దాదాపు 8 మిల్లీసెకన్లే. పేజీలోని జావాస్క్రిప్ట్, తెర మీద అమరిక లెక్కలు చాలావరకు ఒకే దారాన్ని (థ్రెడ్) పంచుకుంటాయి కనుక, ఒకటి ఆలస్యమైతే రెండోది ఆగుతుంది. నేటివ్ యాప్‌లోనూ ఇదే ప్రమాదం ఉంది గానీ, అక్కడ తప్పించుకునే దారులు ఎక్కువ.

అనుమతుల సంగతి ఇంకా ముఖ్యం. లింకు ద్వారా వచ్చే పేజీ ఎవరిదో, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని అతిథి. అందుకే బ్రౌజర్ అతన్ని వీధి అరుగు మీదే కూర్చోబెడుతుంది. మంచినీళ్లు ఇస్తుంది, అడిగితే కెమెరానో, ఉన్న చోటునో ఆ కాసేపు చూపిస్తుంది. వంటింట్లోకి మాత్రం రానివ్వదు. మీ సందేశాలు, కాంటాక్టుల పట్టిక, మిగతా యాప్‌లు అతనికి అందవు. ఇన్‌స్టాల్ చేసుకున్న యాప్‌ను మీరే లోపలికి పిలిచారు. ఆండ్రాయిడ్‌లో మీరు సరేనంటే అది సందేశాలు చదవగలదు, వెనకాల పనిచేయగలదు, సిమ్‌ను గుర్తించగలదు.

లోపలికి పిలవడంలో ఉన్న బలమే ప్రమాదం కూడా. ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్ల గురించి రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ పదేపదే హెచ్చరిస్తున్నారు. అవి స్టోర్ తనిఖీ లేకుండా నేరుగా ఫోన్‌లోకి దిగే యాప్‌లు. దిగాక సందేశాలు చదివే అనుమతి అడుగుతాయి. అది ఇచ్చామంటే ఓటీపీలు దొంగ చేతికి వెళ్తాయి. దొంగ వెబ్ పేజీ కూడా మోసం చేస్తుంది, కానీ ఓటీపీని మీ చేతే టైపు చేయించుకోవాలి. తనంత తాను సందేశాల పెట్టె తెరవలేదు. ఈ తేడా చిన్నది కాదు. అయినదానికీ కానిదానికీ ‘మా యాప్ దింపుకోండి’ అని సంస్థలు జనాన్ని అలవాటు చేసినకొద్దీ, దొంగ యాప్ వచ్చినప్పుడు కూడా చేయి ఆలోచించకుండా నొక్కుతుంది. అవసరం లేని చోట యాప్ అడగకూడదనడానికి నాకు కనిపించే అతి బలమైన కారణం ఇదే.

ఒక తీర్పు, దాని వెనక కారణం

వెబ్‌కూ నేటివ్‌కూ మధ్య ఈ తగువు ఐఫోన్‌తోనే పుట్టింది. 2007 జూన్‌లో, ఐఫోన్ అమ్మకానికి రావడానికి కొద్దిరోజుల ముందు, స్టీవ్ జాబ్స్ బయటి డెవలపర్లకు చెప్పింది వెబ్ యాప్‌లు రాసుకోమనే. ఫోన్‌లో సఫారీ బ్రౌజర్ ఉంది కదా, దానికోసం రాయండి, వేరే సాధనాలు అక్కర్లేదన్నారు. డెవలపర్లకు ఇది రుచించలేదు. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ మనసు మార్చుకుని నేటివ్ యాప్‌ల సాధనాలు ఇస్తామని ప్రకటించింది. 2008 జులై 10న యాప్ స్టోర్ సుమారు 500 యాప్‌లతో తెరుచుకుంది. కొన్ని నెలలకే ఆండ్రాయిడ్ స్టోర్ కూడా వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు యాప్‌దే రాజ్యం.

ఫేస్‌బుక్ మాత్రం ఒకే కోడ్‌తో అన్ని ఫోన్లకూ సరిపెట్టాలని, యాప్ అనే తొడుగు లోపల వెబ్ పేజీలను నడిపింది. ఆ యాప్ నత్తనడక నడిచింది. 2012 ఆగస్టులో ఐఫోన్ యాప్‌ను పూర్తిగా నేటివ్‌గా తిరగరాశారు. సెప్టెంబరులో ఒక సభలో మార్క్ జుకర్‌బర్గ్, హెచ్‌టీఎంఎల్5 మీద అంతగా ఆధారపడటం తమ సంస్థ చేసిన అతిపెద్ద పొరపాటని ఒప్పుకున్నారు. ఆ మాట పరిశ్రమంతా పాకింది. ‘ఫేస్‌బుక్ వల్లే కాలేదు, మనవల్ల ఏమవుతుంది’ అని ఎన్నో సంస్థలు వెబ్‌ను వదిలేశాయి.

ఆ నెమ్మది వెనక ఉన్న కారణాన్ని మాత్రం తక్కువమంది పట్టించుకున్నారు. జావాస్క్రిప్ట్ వేగంగా నడవాలంటే, నడుస్తుండగానే దాన్ని యంత్ర భాషలోకి మార్చే సదుపాయం కావాలి. ఐఫోన్‌లో సఫారీకి ఆ సదుపాయం ఉంది. ఇతర యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీలకు, భద్రత కారణంగా, ఆపిల్ దాన్ని ఇవ్వలేదు. కాబట్టి అదే పేజీ సఫారీలో ఒక వేగంతో, ఫేస్‌బుక్ తొడుగులో మరో వేగంతో నడిచేది. మెమరీ తక్కువున్న ఆనాటి ఫోన్లలో అంతూ పొంతూ లేని ఫొటోల జాబితా ఆ బాధను ఇంకా పెంచింది. 2014లో ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ 8తో ఆపిల్ యాప్‌లలోని పేజీలను వేరే ప్రక్రియలో నడిపే కొత్త పద్ధతి తెచ్చి ఆ అడ్డంకి తొలగించింది. అప్పటికి తీర్పు జనం మనసులో స్థిరపడిపోయింది. కారణం పోయినా తీర్పు మిగిలింది. సాంకేతిక రంగంలో పాత అనుభవాన్ని సామెతలా వాడేవారు, ఆ అనుభవం ఏ ఏడాదిదో, ఏ ఫోన్‌దో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

బెంగళూరులో తలుపులు మూసి తెరిచిన ఏడాది

మన దేశంలో ఈ ప్రశ్నకు డబ్బు పెట్టి మరీ జవాబు వెతికినవి రెండు కంపెనీలు. 2015లో బెంగళూరులోని ఫ్లిప్‌కార్ట్, అప్పటికే దాని చేతిలో ఉన్న మింత్రా, రెండూ యాప్ వైపు పూర్తిగా మొగ్గాయి. ఫ్లిప్‌కార్ట్ ఆ మార్చిలో మొబైల్ బ్రౌజర్ సైట్ ఆపేసి, వచ్చినవారిని యాప్ వైపు తిప్పింది. మింత్రా ఇంకా ముందుకు వెళ్లి మే 15న కంప్యూటర్ వెబ్‌సైట్ కూడా మూసేసింది. కొనాలంటే యాపే గతి.

వారి వాదనలో పస లేకపోలేదు. కొనుగోలుదారుల్లో అత్యధికులు ఫోన్ నుంచే వస్తున్నారు. యాప్ ఉంటే నోటిఫికేషన్ పంపొచ్చు, అలవాట్లు తెలుసుకోవచ్చు, తెర మీద గుర్తు రోజూ కనిపిస్తుంది. అంతా కంపెనీ వైపు నుంచి చూసిన లాభాలే. కొనేవారి వైపు నుంచి చూస్తే? పెళ్లికి ఒక్క చొక్కా కొనాలనుకున్న మనిషి, అందుకోసం తన ఫోన్‌లో శాశ్వతంగా చోటు ఇవ్వాలి. 2015లో చాలామంది ఫోన్లలో ఉన్న చోటే తక్కువ, నెట్ ఎక్కువగా 2జీ.

ఆ ఏడాది నవంబరుకల్లా ఫ్లిప్‌కార్ట్ దారి మార్చింది. గూగుల్ క్రోమ్ బృందంతో కలిసి ఫ్లిప్‌కార్ట్ లైట్ అనే కొత్తరకం వెబ్‌సైట్ తెచ్చింది. ఆ రకానికి ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అనే పేరు కూడా ఆ ఏడాదే పుట్టింది. పెట్టినవారు ఫ్రాన్సెస్ బెరిమన్, అలెక్స్ రస్సెల్. దీనికి గుండెకాయ సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాము. అది పేజీకీ నెట్‌కూ మధ్య కూర్చుంటుంది. పేజీ ఏది అడిగినా ముందు దాని చేతికే వస్తుంది. ఇంతకుముందే దాచిపెట్టిన ప్రతి ఉంటే అదే ఇస్తుంది, లేకపోతే నెట్‌కు పంపుతుంది. అందువల్ల సిగ్నల్ పోయినా పేజీ ఖాళీగా పడిపోదు, రెండోసారి తెరిచినప్పుడు కొత్త సమాచారం మాత్రమే వస్తుంది. ఇష్టమైతే గుర్తును ఫోన్ తెర మీద పెట్టుకోవచ్చు, స్టోర్‌తో పనిలేదు.

గూగుల్ ప్రచురించిన వివరాల ప్రకారం ఫ్లిప్‌కార్ట్ లైట్‌కు వచ్చినవారిలో 63 శాతం 2జీ నెట్ మీద ఉన్నవారు. సైట్‌లో గడిపే సమయం మూడింతలైంది, డేటా ఖర్చు మూడోవంతుకు తగ్గింది. తెర మీద గుర్తు పెట్టుకున్నవారిలో కొనేవారి నిష్పత్తి 70 శాతం ఎక్కువ. ఈ చివరి అంకెను కొంచెం ఆచితూచి చదవాలి. గుర్తు పెట్టుకునేంత ఇష్టం ఉన్నవారు ఎలాగూ ఎక్కువే కొంటారు. మిగతా అంకెలు మాత్రం స్పష్టంగా ఒకే మాట చెబుతున్నాయి: 2జీ మీద ఉన్నవారు కొనదలచుకోక దూరంగా లేరు, తలుపు మూసి ఉండటం వల్ల దూరంగా ఉన్నారు. మింత్రా కూడా 2016 ఫిబ్రవరిలో మొబైల్ సైట్‌ను, జూన్‌లో కంప్యూటర్ సైట్‌ను తిరిగి తెరిచింది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన ట్విటర్ లైట్‌దీ ఇదే దారి. ట్విటర్ ఆండ్రాయిడ్ యాప్ అప్పుడు 23.5 ఎంబీ, లైట్ ఒక ఎంబీ లోపే.

ఈ ఫ్లిప్‌కార్ట్ కథను వెబ్ గెలిచిన కథగా చెప్పేవారితో నేను ఏకీభవించను. ఫ్లిప్‌కార్ట్ తన యాప్‌ను మానేయలేదు. వారం వారం కొనేవారికి యాప్, అప్పుడప్పుడు వచ్చేవారికి వెబ్ అని రెండు తలుపులూ తెరిచి ఉంచింది. అసలు పాఠం అక్కడుంది.

యూపీఐ వెబ్‌లో ఎందుకు లేదు

యాప్ తప్పనిసరి అయ్యే పనికి మన దేశంలో యూపీఐని మించిన ఉదాహరణ లేదు. 2016 ఏప్రిల్ 11న మొదలైన ఈ పద్ధతిలో డబ్బు పంపేవారిని గుర్తించే మొదటి ఆధారం ఫోనే. యాప్‌ను తొలిసారి పెట్టుకున్నప్పుడు అది మీ సిమ్ నుంచి ఒక సందేశం పంపుతుంది. బ్యాంకులో నమోదైన నంబరు, ఆ సిమ్, ఆ ఫోన్, మూడూ ఒకరివేనని దానివల్ల తేలుతుంది. ఆపై ఆ ఖాతాను ఆ ఫోన్‌కు ముడివేస్తారు. మీరు పిన్ కొట్టే తెరను కూడా ఆ యాప్ తయారుచేసినవారు రాయరు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఇచ్చే ఉమ్మడి భాగం అది, యాప్ లోపల అమర్చి ఉంటుంది. పిన్ యాప్ కంపెనీకి కనిపించకుండా గుప్తంగా బ్యాంకు దాకా వెళ్తుంది.

ఇందులో ఏదీ బ్రౌజర్ పేజీ చేయలేదు. సిమ్ నుంచి సందేశం పంపే హక్కు దానికి లేదు, ఉండకూడదు కూడా. అందుకే ఆన్‌లైన్ దుకాణం వెబ్‌లో ఉన్నా, చెల్లింపు దగ్గరికి రాగానే ఒక ప్రత్యేక లింకు మీ ఫోన్‌లోని యూపీఐ యాప్‌ను పిలుస్తుంది. పిన్ అక్కడ కొట్టి మళ్లీ పేజీకి వస్తారు. ఎంపిక, చిరునామా, బిల్లు వెబ్‌లో, సంతకం నేటివ్‌లో. ఈ పని విభజన మనం రోజూ వాడుతున్నదే.

స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం *99# అనే డయల్ కోడ్ ఉంది, 2022 మార్చి నుంచి యూపీఐ 123పే సేవ ఉంది. బటన్ల ఫోన్లు వాడేవారు మన ఊళ్లలో ఇంకా తక్కువేమీ లేరు. 2017లో ప్రకటించిన జియోఫోన్‌లో ఉన్న కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో యాప్‌లన్నీ వెబ్ భాషల్లో రాసినవే. ఆండ్రాయిడ్ యాప్ అందులో ఎక్కదు. ఆండ్రాయిడ్ ఒక్కటే చూసుకుంటే ‘అందరికీ చేశాం’ అనుకునే సంస్థ ఆ ఫోన్ల వారిని లెక్కలోంచి జారవిడిచినట్టే.

ఏది తీర్చదు?

వెబ్, నేటివ్ అనే ఎంపిక మీద పెట్టుకునే ఆశలన్నీ సరైనవి కావు. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే సమయానికి లక్షలమంది ఒకేసారి వస్తారు. దేవస్థానానికి వెబ్‌సైటూ ఉంది, యాపూ ఉంది. ఏ దారిన వెళ్లినా చివరికి చేరేది అవే సర్వర్లకు, అదే టికెట్ల పట్టికకు. అక్కడ ఒక టికెట్ ఇద్దరికి పోకుండా తాళం వేయడం, వచ్చినవారిని వరుసలో నిలపడం, చెల్లింపు మధ్యలో ఆగితే ఆ టికెట్‌ను తిరిగి కోటాలో కలపడం అసలు పని. యాప్ ఎంత అందంగా ఉన్నా ఈ వెనక భాగం బలహీనమైతే ఫలితం లేదు. ‘సైట్ పనిచేయడం లేదు, యాప్ కట్టించండి’ అని వచ్చే సలహాల్లో చాలావాటికి అసలు రోగం సర్వర్లో ఉంటుంది.

అదేవిధంగా నేటివ్ అంటే మన చేతిలో అంతా ఉన్నట్టు కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ అక్షరంతో కూడిన ఒక ప్రత్యేకమైన తెలుగు కూర్పు ఐఫోన్ తెర మీద కనిపిస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. అక్షరాలను గీసే ఐఓఎస్ భాగంలో లోపం. దాని మీద ఆధారపడిన యాప్‌లన్నీ, వాటిలో ఏ తప్పూ లేకపోయినా, పడిపోయాయి. అదే నెలలో ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా యాప్ రాసినవారు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. మన లిపి లాంటి సంయుక్తాక్షరాల లిపుల్లో పనిచేసేవారు వెబ్ అయినా నేటివ్ అయినా అసలు ఫోన్ల మీద, అసలు తెలుగు పాఠంతో పరీక్షించి తీరాలి.

వెబ్ వైపు ఉన్న పెద్ద పరిమితి కూడా ఐఫోనే. అక్కడ క్రోమ్ పెట్టుకున్నా లోపల నడిచేది ఆపిల్ వారి వెబ్‌కిట్ ఇంజనే. ఐరోపా సమాఖ్య చట్టం వల్ల 2024లో ఆ దేశాలకు సడలింపు వచ్చింది. సర్వీస్ వర్కర్ క్రోమ్‌లోకి 2015లో వస్తే ఐఫోన్‌కు 2018లో వచ్చింది. వెబ్ నోటిఫికేషన్లు 2023 మార్చిదాకా లేవు, ఇప్పటికీ గుర్తును తెర మీద పెట్టుకుంటేనే పనిచేస్తాయి. వెబ్ బ్లూటూత్ సఫారీలో లేదు. మన దేశంలో పది ఫోన్లలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్ కాబట్టి ఇక్కడ ఇది అంతగా తెలియదు. అమెరికాలో సగానికి మించి ఐఫోన్లు. ఊళ్లో తల్లిదండ్రులకూ డాలస్‌లోని పిల్లలకూ ఒకే సేవ అందించాలనుకునేవారికి ఈ తేడా మొదటిరోజే ఎదురవుతుంది.

మధ్యేమార్గాలు ఉన్నాయి. 2015లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ నేటివ్, 2018 చివర్లో గూగుల్ విడుదల చేసిన ఫ్లట్టర్ తొలి స్థిర రూపం, ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ కట్టే వీలిస్తాయి. చిన్న బృందాలకు ఇవి నిజంగా ఉపకారం. అయితే ఇవి తగ్గించేది కట్టేవారి శ్రమను. వాడేవారు యాప్ దింపుకోవాల్సిన అవసరం మాత్రం అలాగే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. జనం ఫోన్లలో ఇప్పటికే ఉన్న యాప్‌నే వాకిలిగా వాడుకోవడం ఇది. కొత్తగా దింపుకునేది లేదు, వాడకం అందరికీ తెలుసు. ఆలోచన నాకు నచ్చింది. ఆ వాకిలి ఒక విదేశీ కంపెనీ సొంతం, దాని నియమాలు అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి, అవే సేవలకు సొంత వెబ్ దారి కూడా ఎప్పుడూ తెరిచే ఉండాలని నా కోరిక.

ఒక పాల కేంద్రం లెక్క

ఇవన్నీ ఒక ఊరి పాల కేంద్రానికి అన్వయించి చూద్దాం. పాలు పోసే రైతులు రెండు వందల మంది, పాలు తీసుకునే మనిషి ఒకరు అనుకుందాం. యాప్ కావాలా వెబ్ కావాలా అని అడిగితే, ముందు ‘ఎవరికి’ అని తిరిగి అడగాలి.

పాలు తీసుకునే మనిషి తెల్లవారుజామున అయిదింటికి కూర్చుంటాడు. ఎదురుగా బారులు తీరిన క్యాన్లు. తూకం, ఫ్యాట్ కొలిచే మిషన్, చీటీ ముద్రించే చిన్న ప్రింటరు, మూడూ బ్లూటూత్‌తో ఫోన్‌కు కలవాలి. ఆ సమయానికి సిగ్నల్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఒక్కొక్కరి దగ్గర కొద్ది క్షణాలు మించి ఆగకూడదు. రోజుకు రెండు పూటలు, ఏడాది పొడవునా ఇదే పని. ఇతనికి నేటివ్ యాప్ ఇవ్వాలి. కొలతలన్నీ ముందు ఫోన్‌లోనే భద్రం కావాలి, సిగ్నల్ వచ్చినప్పుడు సర్వరుకు చేరాలి. కేంద్రమే ఫోన్ కొనిచ్చి, యాప్ కూడా తానే ఎక్కించి ఇవ్వొచ్చు. కాబట్టి దింపుకోవడమనే సమస్యే లేదు. ఒకే రకం ఫోన్ అయితే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల బెడద కూడా ఉండదు.

రైతుకు కావలసింది పదిహేను రోజులకోసారి బిల్లు. ఎన్ని లీటర్లు, ఎంత ఫ్యాట్, ఎంత రేటు, దాణాకు ఎంత కోత, ఖాతాలో ఎంత పడింది. అతని ఫోన్ ఏదో మనకు తెలియదు. కొడుకు వాడేసి ఇచ్చిన పాత ఫోన్ కావచ్చు, బటన్ల ఫోన్ కావచ్చు. అతనికి యాప్ పెట్టుకోమనడం అన్యాయం. బిల్లు మొత్తం మామూలు ఎస్ఎంఎస్‌లోనే తెలుగులో రావాలి, వివరం కావాలంటే నొక్కడానికి కింద ఒక లింకు. ఆ లింకు తెరిస్తే వచ్చే పేజీలో బొమ్మలు, అలంకారాలు అక్కర్లేదు; ఒక పట్టిక, పెద్ద అక్షరాలు, వంద కేబీలోపు బరువు. ఊళ్లో లేని కూతురికి ఆ లింకును పంపితే ఆమె కూడా తండ్రి లెక్క సరిచూడగలగాలి. లింకు ఎవరి చేతికైనా పోవచ్చు కనుక ఖాతా నంబరులో చివరి నాలుగంకెలు మాత్రమే కనపడాలి, లింకుకు గడువు ఉండాలి.

సొసైటీ కార్యదర్శికి, ఆడిటరుకు కావలసినవి నెలవారీ నివేదికలు. వాళ్లు చూసేది కంప్యూటర్‌లో. అక్కడ వెబ్ తప్ప మరో ఆలోచన అనవసరం.

ఈ ముగ్గురికీ వెనకాల ఒకే లెక్కల పుస్తకం ఉండాలి, దానితో మాట్లాడే పద్ధతి ఒకటే ఉండాలి. కోవిన్‌కు ఉన్న బలం ఇదే: ఆరోగ్య సేతు నుంచి వచ్చినా, ప్రభుత్వ సేవల యాప్ ఉమంగ్ నుంచి వచ్చినా, పోర్టల్ నుంచి వచ్చినా నమోదు ఒకేచోట పడింది. పాల కేంద్రం కూడా ముందు ఆ వెనక భాగం మీద డబ్బు పెట్టాలి, ఆ తర్వాత పాలు తీసుకునే మనిషి యాప్ మీద. రైతు పేజీకి అయ్యే ఖర్చు ఆ రెండింటితో పోలిస్తే స్వల్పం. రేపు రైతుల్లో ఎక్కువమంది రోజూ పేజీ తెరిచి చూస్తున్నారని సర్వరు లెక్కల్లో తేలితే, రేటు మారినప్పుడు నోటిఫికేషన్ కావాలని వాళ్లే అడిగితే, అప్పుడు వాళ్లకోసం కూడా యాప్ గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఎస్ఎంఎస్, లింకు ఆపకూడదు.